ఆసు మిషన్ నుంచి ఏఐ దాకా: సోషల్ క్లాసులో నా అనుభవం

టెక్నాలజీ వచ్చాక మనుషుల బతుకుతెరువు ఎలా మారిందో చెప్పే పాఠం ఒకటి ఎనిమిదో తరగతి సోషల్ పుస్తకంలో ఉంది. పొలంలోకి హార్వెస్టర్ దిగితే కోత కూలీలు ఏమయ్యారు, యంత్రాలు వస్తే చేతిపని చేసేవాళ్లు ఏమయ్యారు అన్నది అందులో విషయం. నాకు ఇష్టమైన పాఠం అది. కాకపోతే అది రాసిన నాటికీ ఇప్పటికీ మధ్య చాలా జరిగిపోయింది. 2016లో యూపీఐ వచ్చింది. ఇప్పుడు మా ఊరి మిర్చి బజ్జీల బండి మీద కూడా క్యూఆర్ కోడ్ స్టిక్కర్ ఉంటుంది. పిల్లలు రీల్స్ చూస్తున్నారు, హోంవర్క్ ఏఐతో రాయించుకుంటున్నారు. నేను హార్వెస్టర్ దగ్గరే ఆగిపోతే వాళ్లకు అది తాతల కాలం ముచ్చటలా వినిపిస్తోంది.

యాదాద్రి భువనగిరి జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను సోషల్ టీచర్‌ని. చుట్టుపక్కల ఊళ్లు చేనేతకు పేరుపడ్డవి. మా పిల్లల్లో చాలామంది ఇళ్లలో మగ్గం ఉంది, లేదా మొన్నమొన్నటిదాకా ఉండేది. మిగతా ఇళ్లలో వ్యవసాయం చేస్తారు, లేదంటే హైవే పక్కన కంపెనీల్లో పనికి వెళ్తారు. ఇలాంటి క్లాసుకు టెక్నాలజీ, సమాజం అనే విషయాన్ని ఇప్పటి మాటల్లో చెప్పడానికి ఆన్‌లైన్‌లో ఏమేం దొరుకుతుందో వెతకడం మొదలుపెట్టాను. సామగ్రికి కరువేం లేదు. అందులోంచి మాకు పనికొచ్చేది ఏరుకోవడమే అసలు పని అయింది.

ఇంగ్లీషులో వెతికితే కుప్పలు తెప్పలుగా వచ్చాయి. కామన్ సెన్స్ ఎడ్యుకేషన్ అని అమెరికా వాళ్ల సైట్ ఒకటుంది. తరగతివారీగా పాఠాలు, ఉచితం, చాలా శ్రద్ధగా తయారుచేశారు. కానీ ఆ పాఠాల్లోని పిల్లకు సొంత ఫోన్ ఉంటుంది, సొంత అకౌంట్ ఉంటుంది, తలుపేసుకోవడానికి సొంత గది ఉంటుంది. మా క్లాసులో ఫోన్ అంటే నాన్నది. పొద్దున ఆయనతో పాటు బయటికి పోయి, రాత్రికి డేటా అయిపోయి తిరిగొస్తుంది. అది తమ్ముడికా అక్కకా అనేది ఇంకో పంచాయితీ. "నీ స్క్రీన్ టైమ్‌ను నువ్వే ఎలా అదుపు చేసుకుంటావు" అని ఆ పిల్లల్ని అడిగితే ఏం చెబుతారు? అయితే ఆ సైట్ నుంచి ఒక పద్ధతి మాత్రం తీసుకున్నాను. ఒక చిక్కు పరిస్థితి చెప్పి, జవాబు చెప్పకుండా పిల్లలకే వదిలేయడం. అది ఎక్కడైనా పనిచేస్తుంది.

తెలుగులో వెతికితే ఇంకో రకం తలనొప్పి. "విజ్ఞానశాస్త్రం వరమా శాపమా" అనే వ్యాసం రకరకాల పేర్లతో ఉంటుంది, అన్నీ ఒకదాన్ని చూసి ఒకటి రాసినవే. ఐదు లాభాలు, ఐదు నష్టాలు, చివర "కాబట్టి మంచికే వాడుకోవాలి". పిల్లలు దాన్ని బట్టీ పట్టి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు, నేనూ వేస్తాను. బడి పాఠాల కోసం ప్రభుత్వం నడిపే దీక్ష పోర్టల్‌లో పుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వీడియోలు వస్తాయి. పాఠం ఇంకోసారి వినడానికి బాగుంటాయి, క్లాసుకు రాని పిల్లలకు నేనే పంపుతాను. కానీ వీడియో అయిపోయాక క్లాసులో ఒక్క చేయి కూడా లేవదు. నాకు కావలసింది చేతులు లేవడం.

అందుకని నాకు నేనే కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. పిల్లల ఫోన్ నంబరో ఈమెయిలో అడిగే సైట్ ఏదైనా సరే పక్కన పెట్టేయాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. చట్టం సంగతి అలా ఉంచినా, టెక్నాలజీ గురించి జాగ్రత్తలు చెప్పే పాఠానికే పిల్లల వివరాలు ధారపోయడం నాకు మింగుడుపడలేదు. ఇంకోటి, నెట్ పోయినా పీరియడ్ ఆగకూడదు. మా బడిలో ఇంటరాక్టివ్ ప్యానెల్ (గోడకుండే పెద్ద టచ్ స్క్రీన్) ఉంది, నెట్ మాత్రం నా ఫోన్ హాట్‌స్పాటే. వానొస్తే అదీ ఉండదు. కాబట్టి వీడియోలైతే పెన్‌డ్రైవ్‌లో, పేజీలైతే ప్రింట్ తీసి పట్టుకెళ్లేదాన్ని. ఈ రెండు జల్లెళ్లు పడితే సగానికి సగం పోయాయి. ప్రాణం హాయిగా అనిపించింది.

మొదట ఆసుతో మొదలుపెట్టాను. చిటికి చీర, అంటే బయటివాళ్లు ఇకత్ అనే పోచంపల్లి చీర నేయాలంటే రంగులద్దడానికి ముందు దారాన్ని ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో వరుసగా ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ చుట్టాలి. ఒక్క చీరకు 9 వేల సార్లు చెయ్యి తిప్పాలని లెక్క. ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తల్లి భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి కుస్తీ పట్టి 1999లో ఆసు పోసే మిషన్ తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు మిషన్. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ సైట్‌లో ఇలా ఊళ్లలో సామాన్యులు చేసిన ఆవిష్కరణల వివరాలు ఉంటాయి. ఆసు మిషన్ వీడియోలు యూట్యూబ్‌లో దొరుకుతాయి.

మిషన్ నడిచే వీడియో ఒకటి మాటలు లేకుండా ప్యానెల్ మీద వేశాను. తర్వాత ఒకే ప్రశ్న: ఈ మిషన్ రాకముందు ఈ పని ఎవరు చేసేవాళ్లు, వాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు?

ఎప్పుడూ నోరు విప్పని పిల్ల లేచింది. "మా అమ్మకు ఇంతకుముందు రాత్రి చెయ్యి లేవకపోతుండె టీచర్. ఇప్పుడు మిషన్ ఉన్నోళ్ల ఇంటికి దారం పంపుతం, పైసలిస్తే పోసిస్తరు." అంతలో వెనక బెంచీ నుంచి ఇంకొకడు, "మా నాయనమ్మ వేరేటోళ్లకు ఆసు పోసేది టీచర్, గా పైసలతోనే నాకు కొనుక్కోనీకి ఇస్తుండె. మిషన్ వచ్చినంక ఎవ్వలూ పిలుస్తలేరు" అన్నాడు. క్లాసు రెండుగా చీలింది. మిషన్ మంచిదా కాదా అని మొదలైన వాదన, మిషన్ ఎవరింట్లో ఉంది, దాన్ని కొనడానికి డబ్బులు ఎవరికి ఉన్నాయి అన్న దగ్గరికి వచ్చింది. టెక్నాలజీ గురించి సోషల్ టీచర్ అడగాల్సిన ప్రశ్న అదే, దాన్ని పిల్లలే అడిగారు. బెల్లు కొట్టినా ఆపలేదు. తర్వాతి పీరియడ్ హిందీ మేడమ్ గుమ్మంలో నిలబడి నవ్వుతున్నారు.

ఆ ఊపులో మోరల్ మెషీన్ చూపించాను. అమెరికాలోని ఎంఐటీ వాళ్లు 2016లో పెట్టిన వెబ్‌సైట్ అది. డ్రైవర్ లేని కారుకు బ్రేకులు ఫెయిలయ్యాయి. నేరుగా వెళ్తే కొందరు చనిపోతారు, పక్కకు తిరిగితే వేరేవాళ్లు. ఎవరిని కాపాడాలో మనం ఎంచుకోవాలి. ప్రపంచమంతటి నుంచి దాదాపు 4 కోట్ల నిర్ణయాలు పోగుచేసి 2018లో పరిశోధన వ్యాసం వేశారు. పది భాషల్లో ఉంది, మన భాషలేవీ అందులో లేవు. బొమ్మలు కాబట్టి నేను తెలుగులో చెబుతూ నడిపించాను.

మా పిల్లలు ఆట ఆడనివ్వలేదు. "రోడ్డు దింపి కంచెలకు కొట్టాలె టీచర్." "హారన్ కొట్టొచ్చు గద." "మన దగ్గర జీబ్రా క్రాసింగే లేదు, గాడ ఎవరు దాటుతరు?" ఇంకొకడు, వాళ్ల నాన్న ఆర్టీసీ డ్రైవర్, చాలా సీరియస్‌గా అడిగాడు: "బండి తీసేటప్పుడు బ్రేక్ చూసుకోవాలె గద టీచర్. చూడనోడిది తప్పు. సచ్చేటోళ్లను మనం ఎందుకు ఎంచాలె?" ఆ సైట్ తయారుచేసినవాళ్లు వేయని ప్రశ్న అది. నాకైతే దానికంటే ఇదే పెద్ద ప్రశ్న అనిపించింది. ఎవరిని చంపాలి అనే లెక్కలో మునిగితే, బండిని రోడ్డు మీదికి వదిలింది ఎవరు అన్నది పక్కకు పోతుంది. మోరల్ మెషీన్‌ను ఇప్పుడు కూడా వాడతాను, కానీ ఆడడానికి కాకుండా ఆ ఆట మన చేత ఏ ప్రశ్న అడగనివ్వట్లేదో వెతకడానికి.

ఇక ఏఐ. దీని మీద వీడియోలు చూపిస్తే పిల్లలకు రోబో బొమ్మ తప్ప ఏమీ గుర్తుండదు. ఫిజికల్ సైన్స్ సార్ టీచబుల్ మెషీన్ అనే గూగుల్ సైట్ గురించి చెప్పారు. లాగిన్ అక్కర్లేదు. ల్యాప్‌టాప్ కెమెరా ముందు వస్తువు పెట్టి బటన్ నొక్కి పట్టుకుంటే వరసగా ఫొటోలు తీసుకుంటుంది. ఒక పెట్టెలో ఒక రకం ఫొటోలు, ఇంకో పెట్టెలో ఇంకో రకం. ట్రైన్ అనే బటన్ నొక్కితే రెండింటికీ తేడా నేర్చుకుంటుంది. ఆ తర్వాత కొత్త వస్తువు చూపిస్తే అది ఏ రకమో శాతాల్లో చెబుతుంది. ఇదంతా మన కంప్యూటర్ బ్రౌజర్‌లోనే జరుగుతుంది, ఫొటోలు మనం సేవ్ చేస్తే తప్ప బయటికి పోవు. అది నాకు బాగా నచ్చింది.

పిల్లి, కుక్క ఎందుకు? మాకు మా తేడా ఉంది. చిటికి బట్ట ఒకటి, దాన్ని చూసి అచ్చేసిన ప్రింట్ బట్ట ఒకటి. పోచంపల్లి ఇకత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చినా, డిజైన్లు ఎత్తుకుపోయి మిల్లు బట్ట మీద అచ్చేసి చవగ్గా అమ్మేవాళ్లకు కొదవలేదు. ఇళ్లలో రోజూ వినబడే బాధే ఇది. పిల్లలు దుపట్టాలు, చీరల ముక్కలు, నైటీ గుడ్డలు పట్టుకొచ్చారు. చిటికివి వరండాలో గోడ ముందు ఫొటోలు తీశారు. అంతలో ఎండ అక్కడిదాకా వచ్చిందని ప్రింట్‌వి కిటికీ పక్కన తీశారు. ట్రైన్ చేశాం. గోడ ముందు చిటికి దుపట్టా పెడితే చిటికి అంది. కిటికీ దగ్గర నైటీ గుడ్డ పెడితే ప్రింట్ అంది. చప్పట్లే చప్పట్లు. సార్ కూడా కొట్టారు.

ఒక అమ్మాయి ఊరుకోక అసలైన చిటికి దుపట్టా కప్పుకుని కిటికీ పక్కన నిలబడింది. ప్రింట్ అని చెప్పింది, అదీ 90 శాతం పైన ధీమాతో. ఆ పిల్ల మొహం చూడాలి, "ఇది మా నాయన నేసింది" అని ల్యాప్‌టాప్‌తో కొట్లాటకు దిగింది. అంతలో ఇంకొకడు అందర్నీ తప్పుకోమని కెమెరాను ఖాళీ గోడ వైపు తిప్పాడు. గోడను చూసి చిటికి అంది! క్లాసంతా ఒకటే నవ్వు. నవ్వులు ఆగాక అడిగాను, అది ఏం నేర్చుకుంది? "గోడను నేర్చుకుంది టీచర్." బట్టను చూడమని మనం అనుకున్నాం గానీ దానికి చెప్పలేదు. ఫొటోల్లో ఏది తేలిగ్గా తేడాగా కనబడితే దాన్నే పట్టుకుంది. ఏఐ ఎలా నేర్చుకుంటుందో చెప్పడానికి నేను చదివిన ఏ వ్యాసమూ ఇంత బాగా చెప్పలేదు.

రెండు రకాలనూ ఒకే చోట, ఒకే వెలుతురులో తీసి మళ్లీ నేర్పారు. ఈసారి మెరుగైంది. కానీ అంచులు కాస్త చెదిరినట్టు అచ్చేసిన నకిలీ ఒకటుంది, దాన్ని పెడితే బోల్తా పడింది. "తిరగేసి చూస్తే అయిపాయె గద" అన్నాడు మగ్గం ఇంటి పిల్లాడు. నిజమే, చిటికి బట్టకు దారానికే రంగు పడుతుంది కాబట్టి వెనకా ముందూ ఒకేలా ఉంటుంది. ప్రింట్ వెనక వెలిసినట్టుంటుంది. చేత్తో పట్టుకుని తిరగేసి చూడాలన్న ఆలోచన కెమెరాకు రాదు, ఎవరో ఒకరు దానికి పెట్టాలి. ఎవరు పెట్టగలరు అని అడిగితే ఇంజినీర్లు అని కొందరు, మా అమ్మ అని కొందరు. ఆ చర్చను నేను ముగించలేదు.

దాని పక్కనే జెండర్ షేడ్స్ అనే పరిశోధన పెట్టాను. 2018లో జాయ్ బులామ్‌వినీ, టిమ్నిట్ గెబ్రూ చేశారు. మూడు ఆఫ్రికా దేశాలు, మూడు యూరప్ దేశాల పార్లమెంటు సభ్యుల ముఖాలు 1270 తీసుకుని, పెద్ద కంపెనీల ముఖ విశ్లేషణ ప్రోగ్రాములకు చూపించి, ఆడా మగా చెప్పమన్నారు. తెల్లని మగవాళ్ల విషయంలో తప్పులు ఒక శాతం లోపే. నల్లని ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒక ప్రోగ్రాం దాదాపు 35 శాతం దాకా తప్పు చెప్పింది. ఆ పరిశోధనకు వెబ్‌సైట్ ఉంది, చిన్న వీడియో కూడా ఉంది. ఇంగ్లీషే, నేను మధ్యమధ్యలో ఆపి చెప్పాను. పొద్దున గోడ సంగతి చూసి ఉన్నారు కాబట్టి కారణం వాళ్లే చెప్పేశారు: "వాళ్ల ఫొటోలు తక్కువ పెట్టిన్రు టీచర్."

అక్కడి నుంచి మాట రేషన్ షాపుకు వెళ్లింది. వేలిముద్ర పడక నాలుగుసార్లు తిప్పించుకున్న ముసలివాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. దారం లాగీ లాగీ, కూలికి పోయీ పోయీ వేళ్లు అరిగిపోయి ఉంటాయి. ఒక పిల్లాడు వాళ్ల తాతకు చివరికి కంటిపాపతో పనైందని చెప్పాడు. యంత్రం ఎవరి చేతుల్ని చూసి తయారైంది అని బోర్డు మీద రాశాను. ఆ పూటకు అదే హోంవర్క్.

అన్నిటికంటే నేను ఊహించని చోట దొరికిన సామగ్రి తెలుగు వికీపీడియా. అదేదో పెద్ద వ్యాసం కాదు, మా ఊళ్ల పేజీలు. 2011 జనాభా లెక్కల సమాచారంతో వేల గ్రామాల పేజీలు ఉన్నాయి అందులో. ఎవరూ సరదాగా చదివే పేజీలు కావు. ఊళ్లో బడులు ఎన్ని, నీటి వసతి ఏమిటి, పోస్టాఫీసు ఉందా అని పొడిపొడిగా ఉంటుంది. సమాచార, రవాణా సౌకర్యాలు అని ఒక భాగం ఉంటుంది. ల్యాండ్ లైన్ టెలిఫోన్, పబ్లిక్ ఫోన్ ఆఫీసు, మొబైల్ ఫోన్ సౌకర్యాలు ఉన్నాయని, ఇంటర్నెట్ కెఫే మాత్రం ఊరికి ఇన్ని కిలోమీటర్ల దూరంలో ఉందని, ఇలా. 2011 ఊరు అక్కడ అలాగే ఆగిపోయి ఉంది. ఎవరి ఊరి పేజీ వాళ్లకు ప్రింట్ తీసి ఇచ్చాను.

"పబ్లిక్ ఫోన్ ఆఫీస్ అంటే ఏంది టీచర్?" అని మొదలైంది. ఎస్టీడీ బూత్ అన్నా తెలియలేదు. పసుపు బోర్డులు, అద్దాల గది, రాత్రి పూట చార్జీ తగ్గుతుందని లైనులో నిలబడడం, ఇవన్నీ చెబుతుంటే నన్ను ఏదో పురాణం చెప్పే మనిషిని చూసినట్టు చూశారు. ఇంటికెళ్లి పెద్దవాళ్లను అడిగి రమ్మన్నాను: మొదటి ఫోన్ ఎక్కడి నుంచి చేశారు, ఎవరికి, ఎందుకు? వచ్చిన జవాబులు చాలా వరకు చావు కబుర్లు, కాన్పులు, దుబాయ్ నుంచి వచ్చే ఫోన్లు. సంతోషం కబురు ఉత్తరంలో వచ్చేదట, ఫోన్ అంటే గుండె దడ. ఒక పిల్ల వాళ్ల మేనమామ ఎస్టీడీ బూత్ నడిపేవాడని తెలుసుకొచ్చింది. తర్వాత ఆయన రీచార్జ్ కార్డులు అమ్మాడు, అవీ పోయాక జిరాక్స్ మిషన్ పెట్టాడు, ఇప్పుడు ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపుతున్నాడు. టెక్నాలజీ ఉపాధిని ఎలా మారుస్తుందో ఒకే మనిషిలో ఉంది మొత్తం పాఠం. ఆయనను బడికి పిలిస్తే వచ్చాడు కూడా. పిల్లలు వేసిన మొదటి ప్రశ్న, "దేంట్ల ఎక్కువ పైసలు వచ్చినయి?"

పేజీలో ఉన్నది పాతదని తెలిశాక మార్చేద్దామన్నారు. వికీపీడియాలో ఎవరైనా రాయొచ్చు, కానీ ఆధారం చూపాలి. "మా తాత చెప్పిండు గద" అంటే కుదరదు. దీని మీద పిల్లలకు నిజంగానే కోపం వచ్చింది. పేపర్లో వేస్తే నిజం, తాత చెబితే కాదా? నేను రెండు వైపులా మాట్లాడాను. ఎవరి తాత ఏం చెప్పినా రాసుకుంటూ పోతే ఆ పేజీ ఏమవుతుందో చెప్పాను. ఊళ్ల గురించి, చేతి పనుల గురించి అచ్చులో ఉన్నదే తక్కువ కాబట్టి ఈ నియమం ఎవరికి ఎక్కువ తగులుతుందో కూడా చెప్పాను. ప్రతి పేజీ వెనక ఎవరు ఎప్పుడు ఏం మార్చారో కనబడే చరిత్ర ఉంటుంది, అది చూపించాను. ప్రస్తుతానికి మగ్గం గుంట ఫొటో ఒకటి తీసి నా అకౌంట్ నుంచి ఎక్కించాం. ఫొటోకు ఆధారం ఫొటోయే.

ఆడపిల్లల సంగతి తేవడానికి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే పట్టిక వాడాను. 2019 నుంచి 2021 మధ్య చేసిన సర్వేలో, దేశంలో ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడిన ఆడవాళ్లు 33 శాతం, మగవాళ్లు 57 శాతం. ఈ ఒక్క వరుస చాలు. "మీ ఇంట్లో ఫోన్ లాక్ నంబర్ ఎవరెవరికి తెలుసు" అని అడిగాను. అబ్బాయిలు గట్టిగా చెప్పారు, అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు ఎక్కువ పొడిగించలేదు. ఇంటి గుట్టు క్లాసులో పెట్టించడం నాకిష్టం లేదు. ఎవరికి వాళ్లు నోట్‌బుక్‌లో రాసుకోమన్నాను, చూపించక్కర్లేదన్నాను.

పుకార్ల పాఠానికి బ్యాడ్ న్యూస్ అనే ఆట ఉంది, కేంబ్రిడ్జి పరిశోధకులు 2018లో డచ్ సంస్థ ఒకదానితో కలిసి చేసింది. అందులో మనమే అబద్ధపు వార్తలు పుట్టించే మనిషి వేషం వేయాలి. భయపెట్టి, కోపం తెప్పించి, నిపుణుడి వేషం వేసి ఫాలోవర్లను ఎలా పెంచుకుంటారో ఆడుతూ తెలుసుకుంటాం. హెడ్‌మాస్టర్ సార్ చూసి, "మేడమ్, పిల్లలకు అబద్ధాలు చెప్పడం మనమే నేర్పుతున్నామా?" అన్నారు. న్యాయమైన అనుమానమే. నేను చదివి వినిపిస్తూ క్లాసంతా ఓటు వేసేలా నడిపించాను, ఎవరూ సొంతంగా ఏదీ తయారుచేయలేదు. సార్ వెనక బెంచీలో కూర్చుని చూశారు, చివర్లో ఆయనా చెయ్యెత్తి ఓటేశారు.

అయితే ఆ ఆటకంటే లోతుగా దిగింది మన దగ్గర జరిగింది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్‌లు నమ్మి తెలంగాణలో కూడా జనం కొత్తవాళ్లను పట్టుకుని కొట్టారు. దేశంలో చాలాచోట్ల ప్రాణాలు పోయాయి. ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. ఫార్వర్డ్ నొక్కితే ఐదు దగ్గర ఎందుకు ఆగుతుందో పిల్లలకెవరికీ తెలియదు, ఎప్పటి నుంచో అలాగే ఉందనుకున్నారు. అప్పట్లో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు పోలీసుల్ని ఊరూరా పంపి, డప్పు కొట్టించి, పాటలు కట్టించి పుకార్లు నమ్మొద్దని చెప్పించారు. దీని మీద వార్తా కథనాలు నెట్‌లో చాలా ఉన్నాయి. కంపెనీ బటన్ మార్చింది, పోలీసులు డప్పు పట్టారు. రెండింటిలో ఏది ఎక్కువ పనిచేసి ఉంటుంది అన్నది డిబేట్‌గా పెడితే డప్పు పక్షం గెలిచింది, వాదన కంటే పాట బాగా పాడారు కాబట్టి. ఇప్పటి వార్తలు సరిచూసుకోవడానికి ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ తెలుగు పేజీలు ఇచ్చాను. రెండూ హైదరాబాద్ వాళ్లవే. చదవడానికి తేలిక.

ఇంకా కొన్ని ఉన్నాయి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు నాసా ఉపగ్రహం సాయంతో మన దేశంలో ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2400 ఊళ్లకు టీవీ కార్యక్రమాలు అందించిన 'సైట్' (శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్) అనే ప్రయోగం గురించి ఇస్రో వెబ్‌సైట్‌లో ఉంది. అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఒకటి, తెలుగులోనూ కార్యక్రమాలు వచ్చాయి. "టీవీ ముందు అందరూ కలిసే కూర్చున్నరా టీచర్, వాడోళ్లు వేరే కూర్చున్నరా?" అని దళితవాడ వాళ్ల గురించి ఒక పిల్లాడు అడిగాడు. ఆ ప్రశ్న కోసమైనా ఆ పాఠం ప్రతి ఏడూ చెబుతాను. జర్నలిస్టు పి. సాయినాథ్ గారు 2014లో మొదలుపెట్టిన పరి (పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా) వెబ్‌సైట్‌లో పల్లె పనుల మీద కథనాలు తెలుగులో కూడా ఉంటాయి, ఫొటోలు అద్భుతం. అనువాదం కొన్నిచోట్ల బరువుగా ఉంటుంది. ఎనిమిదో తరగతికి ఒక్కో పేరా ఏరి ఇవ్వాలి.

దీనికంతటికీ టైమ్ ఎక్కడిది అని తోటి టీచర్లు అడుగుతుంటారు. 45 నిమిషాల పీరియడ్, సిలబస్ టెన్షన్, పైగా మధ్యలో ఆన్‌లైన్ ఎంట్రీ పనులు. నేను చాలావరకు ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టు కింద సర్దాను. ఎలాగూ మార్కులు వేయాల్సినవే కదా. చార్ట్ మీద బొమ్మలు అతికించుకురావడం బదులు ఇంట్లో అడిగి రాసుకురావడం. మా టీచర్ల గ్రూపులో లింకులు పెట్టమంటే ఉట్టి లింకులు పెట్టడం మానేశాను. లింకుతో పాటు దాని ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి రాసి పెడుతున్నాను. లింకు తెరుచుకోకపోయినా ప్రశ్న మిగులుతుంది.

ఈ-వేస్ట్ మీద మాత్రం పిల్లల స్థాయిలో తెలుగులో నాకు నచ్చినది దొరకలేదు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కొత్త నిబంధనల ప్రకారం పాత వస్తువుల్ని రీసైక్లింగ్ చేయించే బాధ్యత తయారీ కంపెనీలదే. ఆ నిబంధనల పీడీఎఫ్ చదివితే నాకే నిద్రొచ్చింది. మరోవైపు ప్రతి ఇంట్లో అటక మీద రెండు మూడు చచ్చిపోయిన ఫోన్లు ఉన్నాయి. అవి చివరికి వెళ్లేది హైవే పక్కన పాత ఇనుప సామాన్ల షాపుకే. ఆయనతో మాట్లాడాను. ఫోన్‌లో ఏ ముక్క ఎంతకు పోతుంది, దేన్ని తను కొనడు, బ్యాటరీలను ఏం చేస్తాడు, అన్నీ పిల్లలకు చెప్పడానికి ఒప్పుకున్నాడు. వీడియో తీస్తామంటే ముఖం కనబడకుండా తీయమన్నాడు. మంగళవారం బేరం తక్కువట, ఆ రోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత పిల్లల్ని తీసుకుని రమ్మన్నాడు.